జారిపోయిన పేజీ

కైరో విశ్వవిద్యాలయం వెనక సందులో జిరాక్సు కొట్టు షవ్కీది. షట్టర్ సగమే ఎత్తి ఉంచుతాడు. కింద నల్ల బూట్లు కనిపిస్తే పోలీసులన్నమాట, పాఠ్యపుస్తకాల దొంగ కాపీలు దాచెయ్యాలి. ఈ రోజు చెప్పులే కదా అని ఊరుకుంటే, వంగి లోపలికొచ్చింది విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే హిల్మీ మాస్టారు. ఆయన రాసిన పాఠ్యపుస్తకం కాపీలే బల్ల నిండా ఉన్నాయి! షవ్కీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇవి నావి కావు మాస్టారూ!"

"మరి నా క్లాసంతా పరీక్షలో ఒకే ప్రశ్న వదిలేసిందేమయ్యా? నీ మెషీన్ ఓ పేజీ మింగేసింది." ఆయన అసలు పేజీ తీసిచ్చాడు. "రేపు మళ్లీ పరీక్ష. అందరికీ తియ్యి. నా పేరు మాత్రం ఎత్తకు, హక్కులు ప్రచురణకర్తవి."

షవ్కీ బటన్ నొక్కాడు. షట్టర్ కింద నల్ల బూట్లు వచ్చి ఆగాయి.

షవ్కీకంటే ముందు మాస్టారే బల్ల కింద దూరాడు.