సంచి విప్పించే ఖాదరన్న

సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్‌లో, మా ఆసుపత్రిలో మత్తు టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లు సేవలందించిన రాయచోటి ఖాదర్ బాషా గారు గత శుక్రవారం కన్నుమూశారు. ఎందరి శ్వాసకో అహర్నిశలూ కాపలా కాసిన మనిషి తన శ్వాస నిలుపుకోలేకపోయారంటే నా మనసు ఇప్పటికీ నమ్మడం లేదు. నాకు ఈ విద్య నేర్పిన గురువు ఆయన.

ఆపరేషన్‌కు ఎవరొచ్చినా ముందు వాళ్ల సంచి విప్పించి, మాత్రలేమైనా ఉన్నాయేమో చూసేవారు. కొన్ని గుండె మాత్రలు, మత్తులో కండరాలను సడలించడానికి ఇచ్చే మందు ప్రభావాన్ని పెంచుతాయి. కోత ముగిసినా ఊపిరి కండరాలకు బలం రాదు. మనవాళ్లేమో ఊరి నుంచి తెప్పించుకున్న మాత్రలను పేరు కనబడకుండా కత్తిరించి దాచుకుంటారు. పని ఇచ్చిన యజమాని, అంటే కఫీల్‌కు జబ్బు తెలిస్తే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యూ కాదని భయం. "కఫీల్ కాడ దాచు, పెండ్లాం కాడ దాచు. మత్తు కాడ దాచినావంటే ఆ దేవుడు గూడా లేపలేడు" అనేవారు ఖాదరన్న.

ఒకసారి పిత్తాశయం ఆపరేషన్‌కు వచ్చిన కోనసీమ ఇంటిపనామె మాత్రలేవీ లేవని ఒట్టేసింది. ఆయన వదల్లేదు. చివరికి దుపట్టా కొంగు ముడిలోంచి గుండె మాత్రలు బయటపడ్డాయి. "మేడమ్‌కి తెలిస్తే ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపించేత్తాదండీ" అని ఏడ్చింది. "మేడమ్‌కు నేనెందుకు చెప్తా తల్లీ? మత్తు డాక్టరుకు చెప్తా, అంతే" అన్నారు. డాక్టరు మందు తగ్గించి, కండరాల బలం పూర్తిగా తిరిగొచ్చిందని చూసుకున్నాకే గొంతులో గొట్టం తీశారు. ఆమె నడిచి ఇంటికెళ్లింది.

పోయిన వారం ఖాదరన్నకే అపెండిక్స్ నొప్పి ముదిరింది. ఈసారి అడగాల్సిన వంతు నాది.

"అన్నా, మాత్రలేమన్నా వాడుతాండావా?"

"నన్నే అడుగుతాండావా రా?" అని అంత నొప్పిలోనూ నవ్వారు. గురువును సంచి విప్పమనడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుపడి, కాగితం మీద 'లేవు' అని రాశాను.

ఆపరేషన్ సజావుగానే జరిగింది. గొట్టం తీసిన కాసేపటికి ఊపిరి సన్నగిల్లింది. మేము పరుగెత్తేసరికి గుండె ఆగిపోయింది. మరునాడు ఆయన లాకరులో, పాత సాక్సు లోపల, పేరు కత్తిరించిన గుండె మాత్రలు దొరికాయి. వచ్చే నెల ఆయన ఇఖామా రెన్యువల్. మాత్రలే కారణమని డాక్టరు ఖాయంగా చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

అంతటి కార్యదక్షుడు, కరుణామయుడు మా విభాగానికి మళ్లీ దొరకడు. ఆ మహనీయుడికి నమస్కరించే అర్హత కూడా నాకు మిగల్లేదు. నిన్న ఒక డ్రైవరు "ఏం లేవన్నా" అన్నా వినకుండా సంచి విప్పించాను. నిజంగానే ఏమీ లేవు. కాగితం మీద 'లేవు' అని రాయబోతే చేయి కదల్లేదు.