దస్తగిరి సాహెబ్ గారు, పుట్ట ఈగల జంట

మా జంతుశాస్త్ర గురువర్యులు దస్తగిరి సాహెబ్ గారు మొన్న శుక్రవారం కర్నూలులో స్వగృహమందే కన్నుమూశారు. హృద్రోగమని తెలిసినదే, అయినా వార్త వినగానే నమ్మబుద్ధి కాలేదు. కొంత తేరుకున్నాక, ఆయన ఏ కొరతా లేకుండా వెళ్ళారన్న ఊరట దుఃఖాన్ని మించింది. అది ఎందుకో చెప్పాలి.

చెదపుట్టల్లో చెదలతో కలిసి కాపురముండే ఆవగింజంత ఈగలే ఆయన జీవితవ్రతం. ఆ ఆడ ఈగకు రెక్కలుండవు. బయట దొరికే ఒక రెక్కల మగ ఈగను పండితులు వేరే జాతిగా లెక్కించి వేరే పేరు పెట్టారు. "రెండూ ఒకటే" అని సాహెబ్ గారు చాలాకాలంగా వాదిస్తున్నారు. నిదర్శనం మాత్రం లేదు. తవ్విన పుట్టలన్నింటా ఆడవే కనిపించేవి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఊరంతా మంత్రుల కార్లు చూస్తుంటే, ఆయన నన్ను వెంటబెట్టుకొని తమ అక్కగారి ఊరైన కమలాపురం వెళ్ళేవారు. అక్కడ లక్ష్మమ్మ అనే రైతమ్మ చేనిలో ఒక పుట్టపై మగ ఈగలు ముసరడం చూశారు. పార తీయగానే ఆమె పరుగున వచ్చింది.

"ఏమప్పా సాయిబూ! నాగులచవితికి పాలు పోసే పుట్ట ఇది. తవ్వితే ఊరుకోను."

"తవ్వనులే తల్లీ. ఈడ కూచోని చూస్తే ఒప్పుకుంటావా?"

"కూచో. ఎవరొద్దన్న్యారు?"

నాకు నిరాశ కలిగింది. ఆమె లేనప్పుడు కొంచెం తవ్వుదామన్నాను. "మాట ఇచ్చినాక మళ్ళా తవ్వేదేందప్పా?" అన్నారు. ఎండలో తిరగవద్దన్న డాక్టరు మాట మాత్రం ఆయన లక్ష్యపెట్టలేదు. ఆయనకేమైనా అవుతుందని ప్రతి ప్రయాణంలోనూ నేను భయపడుతూనే ఉన్నాను.

తొలకరి కురిసిన ఒక సాయంత్రం పుట్టపైన గాలిలో ఏదో బరువుగా తేలింది. సాహెబ్ గారు గాజు గొట్టం అడ్డుపెట్టారు. లోపల రెక్కల మగ ఈగ. దానిని అంటిపెట్టుకొని రెక్కలు లేని ఆడది!

"చూడప్పా! మొగుడూ పెండ్లామే! రెండు ఇంటిపేర్లు పెట్టి విడదీసినాము!" అని పసివానిలా నవ్వారు.

మజ్జిగ తెచ్చిన లక్ష్మమ్మ, "ఇంత ఈగకా ఇన్ని పాట్లు?" అని ఆశ్చర్యపోయింది.

"ఈగ చిన్నదేనమ్మా. తప్పు చిన్నదైతాదా?"

పుట్ట తవ్వి ఉంటే ఆ జంట ఎగరడం మేము చూసేవాళ్ళం కాము. వేరు జాతులన్న పండితులలో ముఖ్యుడే, మేము పంపిన ఆ జంటను చూసి, తరువాత పత్రికాముఖంగా పొరపాటు ఒప్పుకున్నాడు. మంచం మీదున్న సాహెబ్ గారికి నేనే అది చదివి వినిపించాను. "ఇంక చాలప్పా" అని కళ్ళు మూసుకొని, హాయిగా నిద్రపోయారు. ఏమైందోనని కంగారుపడ్డ ఇంటిల్లిపాదీ ఆయన గురక విని ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరువాత కూడా కొన్ని నెలలు మా మధ్య ప్రసన్నంగా ఉన్నారు.

ఇక మా శాఖలో ఏ పురుగుకు పేరు పెట్టబోయినా, "తొందరపడొద్దు. అది బతికేది యాడో పోయి చూసినావా?" అని నిలదీసేవారు లేరు. ఆ ప్రశ్నను మాకు అప్పగించి గురువర్యులు నిశ్చింతగా వెళ్ళారు. వారికి నా సాష్టాంగ ప్రణామం.