అద్దంలోంచి జారిపోయిన గడ్డం

నా అద్దాన్ని ఎవరో గోడమీద పైకి జరిపారు. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు, జరిపేశారు.

ఈ ఒక్క వాక్యం పట్టుకుని నేను మా ఇంట్లో చేసిన యుద్ధమూ, అందులో నా నడుముకీ పరువుకీ జరిగిన విధ్వంసమూ ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా వీధి వీధంతా నవ్వేసింది, మిగిలింది మీరే!

అప్పటికి నాకు డెబ్బై. ఇప్పటితో పోలిస్తే కుర్రవాణ్నే, పొగరూ కుర్రవాడిదే. బిలాస్‌పూర్ రైల్వేలో సిగ్నళ్ల మరమ్మతు చేసి రిటైరైనవాణ్ని. నా ఎత్తు చూసి షెడ్డులో అందరూ 'ఖంభా' అనేవారు, అంటే స్తంభం. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఇంకో అంగుళం పెరిగేవాణ్ని. మా పెరటి వసారాలో పంపు పైన జానెడు అద్దం ఒకటుంది. సరిగ్గా నా మొహం పట్టేటట్టు నేనే బిగించుకున్నాను.

ఒకనాటి పొద్దున్న నురగ పూసుకుని అందులో చూస్తే నుదురుంది, కళ్లున్నాయి, మీసముంది. ఆ కింద టైల్సు! గడ్డం లేదు! మునివేళ్లమీద లేస్తే గడ్డం ఉదయిస్తుంది, మడమలు దించితే అస్తమిస్తుంది. ముందురోజు ఉందా అని నన్నడగకండి. గడ్డానికి రోజూ హాజరు వేసేవాడెవడు?

"పైడమ్మా! నా అద్దం ఎందుకు జరిపీసేవు?" అని కేకేశాను.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏటి?"

"అద్దం! పైకి జరిపీసేవు!"

"నాకింకేటీ పనిలేదేటి, పొద్దున్నే అద్దాలు జరుపుకోడానికి?"

"మరి దానంతటదే గోడెక్కిందా?"

"మీ మతే కిందకి జారిందేమో, చూసుకోండి."

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడు పైడమ్మ పంపు దగ్గర జారి, చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. ఆ మాత్రానికే విరిగిందేమని స్కాను తీయిస్తే ఎముకలు గుల్లబారాయన్నారు. అంతే, నేను రంగంలోకి దిగాను. దొరికిన కాగితమల్లా చదివాను. వారం తిరిగేసరికి ఎముకల పండితుణ్నైపోయాను! ఎవరూ అడగకపోయినా ఉపన్యాసాలు.

"ఎముకంటే చచ్చిన కర్ర కాదు పైడమ్మా, బతికున్న వస్తువు. రైలు పట్టాలాగ రోజూ అరుగుతుంది, రోజూ మరమ్మతవుతుంది. వయసైతే మరమ్మతు గ్యాంగు పల్చబడిపోతుంది. ఆడవాళ్లకి ముట్టుడిగాక మరీను! ఎండలో నడు. చోడి అంబలి తాగు, రాగుల్లో కాల్షియం ఉంటుంది. పెరుగు తిను."

ఇదంతా నేను నీడలో పడక్కుర్చీలో చుట్ట కాలుస్తూ చెప్పేవాణ్ని. ఆవిడ వారానికోసారి వేసుకునే మాత్ర రోజున తనిఖీకొచ్చిన ఆఫీసరులాగ ఎదురుగా నిలబడేవాణ్ని. "పరగడుపున! గ్లాసు నిండా మంచినీళ్లు! అరగంట నడుం వాల్చకూడదు, వాలిస్తే గొంతులో గొట్టం పుండవుతుంది!" పైడమ్మని చూసే డాక్టరమ్మ "బాబూజీ, మీరూ ఒకసారి చూపించుకోండి" అంటే పకపకా నవ్వాను. "ఇది ఆడవాళ్ల జబ్బు కదమ్మా!"

అందుకే నాకు కుట్ర స్పష్టంగా కనబడింది. ఏడాదిపాటు నేను పెట్టిన నిఘాకి ఇది ప్రతీకారం!

"టైల్సు బాగుచెయ్యడానికి మిస్త్రీ వచ్చినప్పుడు నువ్వే జరిపించేవు. అవునా, కాదా? ఒక్క ముక్క చెప్పు."

పైడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మొహంలో నవ్వు పోయింది.

"ఇన్నేళ్ల కాపరంలో మీకు తెలీకుండా గోడకి మేకైనా కొట్టేనేటి? నన్ను దొంగని చేసి అడుగుతున్నారు కదా, ఈ మాటకి నేను జవాబు చెప్పను."

చెప్పలేదు! అన్నం పెట్టేది, కూరలో ఉప్పు చాలిందా అని అడిగేది. అద్దం మాట ఎత్తితే మాత్రం లైన్ క్లియర్ రాని బండిలాగ నిలిచిపోయేది. చూడండి మరి నా అవస్థ! ఇంట్లో అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క జవాబు తప్ప. అది లేకపోతే ముద్ద దిగడం లేదు.

సాక్ష్యం కోసం గోడంతా వెతికాను. దొరికింది! అద్దం కింద సిమెంటు నింపిన ఒక కన్నం! పక్కింటి అప్పారావుని లాక్కొచ్చాను. వరసకి బావ, వాదనలో శత్రువు.

"చూడు బావా! పాత మేకు ఇక్కడుండేది. ఇప్పుడేటంటావు?"

"అచ్ఛా," అన్నాడు కళ్లజోడు సర్దుకుంటూ. "ఇది మీ పాత సబ్బుపెట్టెది కాదేటి?"

"నిన్ను మా ఆవిడ కొనీసింది!"

"ఓ గ్లాసు టీకైనా కొనలేదు బావా. నువ్వు నన్ను పిలిచి అరగంటయింది."

కుట్ర ఇంటితో ఆగలేదు. నా ప్యాంట్లు నేల ఊడుస్తున్నాయి. బట్ట ఉతికితే ముడుచుకోవాలి కదా? మా ఊరి అర్పా నది నీళ్లలో బట్టని సాగదీసే గుణముందని సిద్ధాంతం చేశాను. రతన్‌పూర్ వెళ్లబోతే బస్సు మెట్టు ఎత్తయింది. ముసలివాళ్లని ఎక్కనివ్వకూడదని కంపెనీవాళ్లు మెట్లు పెంచేశారని కండక్టరుతో పోట్లాడాను. లోకమంతా పైకి జరుగుతోంది, నేనొక్కణ్నే ఉన్నచోట నిటారుగా నిలబడి ఉన్నాను! ఆ రోజుల్లో నా జ్ఞానం అలాంటిది.

చివరికి న్యాయం నేనే చేద్దామని సుత్తి తీశాను. అద్దం పాత కన్నంలోకే దిగాలి! అడ్డంగా నీళ్ల బకెట్టుంది. వంగి ఎత్తాను.

టక్!

చప్పుడు బకెట్టులోంచి వచ్చిందనుకున్నాను. కాదు, నాలోంచి. వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను, చెయ్యి దించిన సిగ్నల్ లాగ. పైడమ్మ పరిగెత్తుకొచ్చింది, అప్పారావు ఆటో తెచ్చాడు. దారిలో ప్రతి గుంతకీ నేను ఒక దేవుణ్ని తలుచుకున్నాను. దేవుళ్లు అయిపోయారు గాని గుంతలు అయిపోలేదు.

అదే డాక్టరమ్మ. ఎక్స్‌రే తీయించింది, మెల్లగా నిలబెట్టి ఎత్తు కొలిపించింది. నర్సు అంకె చెప్పగానే అంత నొప్పిలోనూ అరిచాను. "మీ కొలబద్ద తప్పు! నేను ఖంభాని!"

"బాబూజీ," అంది డాక్టరమ్మ ఎక్స్‌రే దీపానికి ఎత్తిపట్టి, "వెన్నుపూస ఒకటి ఇవాళ నలిగింది. ఈ రెండూ ఎప్పుడో నలిగి కూచున్నాయి. మీకు తెలియలేదా?"

"నడుం పట్టేసిందనుకున్నాను."

"బట్టలు పొడుగైనట్టు, వస్తువులు ఎత్తయినట్టు అనిపించలేదా?"

పైడమ్మ వైపు చూసే ధైర్యం లేక అప్పారావు వైపు చూశాను. అతను గోడవైపు తిరిగి భుజాలు కుదుపుతున్నాడు.

"కాని ఇది ఆడవాళ్ల జబ్బు కదమ్మా!"

"ఆ సంగతి ఎముకలకి తెలియదు బాబూజీ. ఆడవాళ్లకి ఎక్కువ, మగవాళ్లకీ వస్తుంది. చుట్ట కాలుస్తారా?"

నేను నోరు తెరిచేలోగా పైడమ్మ అందుకుంది. నెల్లాళ్ల మౌనం గట్టు తెగింది! "కాలుస్తారమ్మా. ఎండ మొహం చూడరు. అంబలి నాకు పోసి తను టీ తాగుతారు. ఆయాసమొస్తే పాత చీటీ చూపించి షాపులో మాత్రలు తెచ్చుకుని మింగుతారు. ఏళ్లనుంచీని!"

ఆ మాత్రల పేరు అడిగి వినగానే డాక్టరమ్మ తల పట్టుకుంది. "స్టెరాయిడ్లు! ఏళ్ల తరబడి మింగితే అవే ఎముకని తినేస్తాయి. అలాగని మీ అంతట మీరు ఆపెయ్యకండి, అదీ ప్రమాదమే. ఊపిరితిత్తుల డాక్టరుతో మాట్లాడి మారుద్దాం." నడుముకి పట్టీ, కాల్షియం, డి విటమిన్, పైడమ్మ వేసుకునే వారపు మాత్రే నాకూను. బరువెత్తకూడదు, ముందుకు వంగకూడదు, నొప్పి తగ్గాక రోజూ నడవాలి, మళ్లీ పడకుండా చూసుకోవాలి. ఇంకొక్కసారి పడితే తుంటి విరిగి మంచం పడతానంది. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు. పైడమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు ఇప్పటికీ కోపమే! మనిషి తరిగిపోతుంటే గంట మోగదేం? ఎర్రజెండా ఊపరేం? ఇంత పెద్ద శరీరంలో ఆ మాత్రం సిగ్నలింగ్ లేదా?

సరే, లోకసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకముందు ఏ జబ్బునీ ఆడదని మగదని విడదీయను. మందు నా ఇష్టప్రకారం మింగను, మానను. గోడల మీద, బస్సుల మీద, నదీజలాల మీద, ముఖ్యంగా పైడమ్మ మీద నింద వెయ్యను. ప్యాంటు పొడుగైతే ముందు నన్ను కొలుచుకుంటాను.

కొన్ని వారాలకి పట్టీ బిగించుకుని, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లాను. నురగ పూసుకుని చూస్తే మీసం కింద టైల్సు లేవు. నా గడ్డం ఉంది! నిండుగా, తెల్లగా, మొత్తం గడ్డం!

నోరు ఊరుకుంటుందా? "పైడమ్మా, అద్దం నువ్వు జరిపించేవా?"

ఈసారి జవాబు వచ్చింది.

"ఆఁ, జరిపించేను. నిన్న సాయంత్రం. కిందకి."