నాట్ల మడిలో ఐదో పాట

మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లిచ్చి నేను అడిగే మొదటి మాట, "కొత్త పాటలేమన్న ఇన్నవా?" సినిమా పాటల గురించి కాదు. ఏ సినిమాతోనూ సంబంధం లేకుండా, నలుగురు పిల్లలు ఒక గదిలో చేరి తామే రాసి, తామే వాయించి ఫోన్లలోకి వదిలే పాటల గురించి. వాటిని ఇండీ పాటలంటారని మా అక్క కూతురు చెప్పింది. ఆ పిల్ల వనపర్తిలో బట్టల దుకాణంలో పని చేస్తూ ముగ్గురు దోస్తులతో కలిసి పాటలు కడుతుంది.

నేను చదివింది మూడో తరగతి. ఆల్బమ్‌ల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి బొమ్మను బట్టి గుర్తు పెట్టుకుంటాను. గద్వాలలో ఉండే మా ఆడబిడ్డకు, "నీలం మేక బొమ్మది ఇను వదినా, రెండో పాట కాడ ఏడుపొస్తది" అని చెప్పాను. నాగర్‌కర్నూల్ బస్సులో పక్కన కూర్చున్నామెకు, "తలకిందుల కుర్చీ బొమ్మది వద్దు, డప్పు మంచిగుంది గాని పాడేటోడు నిద్రల పాడిండు" అన్నాను. ఆమె నవ్వి, దిగేలోపు నా ఫోన్లోనే నాలుగు పాటలు విన్నది.

ఈసారి వానాకాలం నాట్లప్పుడు అక్క కూతురు ఫోన్ చేసింది. వాళ్ల మొదటి ఆల్బమ్ రెండు రోజుల్లో బయటికొస్తుంది. ఒక్క పాట మీద తగాదా పడ్డారు.

"చిన్నమ్మా, ఐదో పాటల ఒక్కో మాట అయినంక జర సేపు ఏం వినపడదు. నాకు గట్లనే వచ్చింది. దోస్తులేమో తప్పు లెక్కనే ఉంది, తీసెయ్ అంటున్రు. నువ్వు బాగలేదంటే తీసేస్త."

ఆ గొంతు విని నాకు గుబులైంది. బయటి చప్పుడు రాకుండా గది గోడలకు బొంతలు కట్టుకుని ఎన్నో ఆదివారాలు పాడింది ఆ పిల్ల.

"నా ఒక్కదాని మాట ఎందుకే? రేపు మడిల అందరం ఇంటం" అన్నాను.

మా నాట్ల గుంపులో పాట లేకుంటే పని సాగదు. నేను పాట ఎత్తుకుంటాను, తక్కినవాళ్లు వంత పాడతారు. చెయ్యి పాట వెంబడే నడుస్తుంది. అందుకే పాట మంచిదా కాదా అన్నది మాకు చేతుల్లో తెలుస్తుంది.

మర్నాడు ఆ పిల్ల ఫోన్‌కు పంపిన పాటలు పెట్టి, ఫోన్‌కు కలిపిన పాటల డబ్బాను గట్టు మీద ఉంచాను. మొదటి పాటకే మా తోటికోడలు నడుం లేపింది.

"ఏందక్కా, ఇది పెండ్లికా, దినానికా?"

"నోరు మూసుకొని నాటెయ్."

"నోరు మూస్తే నాకు చెయ్యి నడుస్తదా?"

మూడో పాట గుర్రంలా ఉరికింది. మా చేతులూ దాని వెంటపడి మూరెడు దూరానికో మొక్క నాటాయి. గట్టు మీది రైతు మొత్తుకున్నాడు. "అమ్మా, నారు దాచుకుంటున్రా ఏంది?"

అందరం నవ్వుకుంటూ వాటిని పీకి మళ్లీ నాటాం. ఇంతలో ఐదోది మొదలైంది. గిటార్ మీద ఆ పిల్ల గొంతు ఒక మాట పాడి ఆగింది. ఆ ఖాళీలోకి, ఎవరూ చెప్పకుండానే, గుంపంతా ఒక్కసారి వంత అందుకుంది! మళ్లీ మాట, మళ్లీ ఖాళీ, మళ్లీ వంత. చేతులు వరుస తప్పలేదు. నాకు అప్పుడు తట్టింది. చిన్నప్పుడు మా అక్క వెంట నాట్లకు వచ్చి గట్టు మీద ఆడుకున్న పిల్ల కదా! వంతకు చోటు వదలడం తెలియకుండానే ఒంటబట్టింది.

చేతులకు బురద. ఫోన్‌ను ముక్కుతో నొక్కి అక్క కూతురికి సంగతంతా చెప్పాను.

"ఒట్టు పెట్టు చిన్నమ్మా! ఇప్పుడే ఆత్మకూరు బస్సెక్కి మీ కాడికొస్త. మీ గొంతులు తీసి ఆ ఖాళీలల్ల పెడ్త."

గుంపులో అందరికన్నా పెద్దామె నా పక్కకొచ్చి ఫోన్‌లో అంది. "వద్దు బిడ్డా. అంత మేమే పాడితే ఇనేటోళ్లకు ఏం మిగుల్తది?"

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ నవ్వింది. సాయంత్రం దోస్తులకు ఆ పాట మళ్లీ పెట్టి, నాకు వినపడేలా ఫోన్ తెరిచి ఉంచింది. మొదటి ఖాళీలో ఎవరూ పలకలేదు. రెండో దాంట్లో ఎవరో చిన్నగా "ఓ..." అన్నారు. మూడో దానికి ముగ్గురూ గొంతు కలిపారు.

పాట ఆల్బమ్‌లోనే ఉంది. మీరూ వినండి. వినేటప్పుడు మాత్రం నోట్లో ఏమీ పెట్టుకోకండి.