నేస్తాన్ని కొలిచిన మేడమ్

మా మేనల్లుడి మీద స్నేహితుల ప్రభావం ఎంతో కొలవడానికి నగరం నుంచి ఒక మేడమ్ వచ్చింది. కొలిచింది కూడా. చేతిలో ట్యాబ్, మెడలో వేలాడే గుర్తింపు కార్డు, ఎవరు ఏడుస్తున్నా చెరగని చిరునవ్వు. గంజాయి మానిన పిల్లలు మళ్లీ దాని జోలికి ఎవరి వల్ల వెళ్తారన్నది ఆవిడ పరిశోధన. జవాబు ముందే తెలుసు, స్నేహితుల వల్ల. ఇక తేలాల్సిందల్లా ఎంత అన్నదే. ఇంత సుఖమైన పరిశోధన నేనెక్కడా చూడలేదు.

మావాడు ఇంటర్ చదువుతుండగా పట్టుబడ్డాడు. నరసన్నపేట దగ్గర హైవే పక్కన లారీలు ఆగేచోట, వాడూ వాడి నేస్తమూ కలిసి గంజాయి తాగుతున్నారని కాలేజీవాళ్లు ఇంటికి కబురు పెట్టారు. మా అన్నయ్య వరి పండించే రైతు. కొడుకు కంటే పరువుకు ఎక్కువ నీళ్లు పెట్టి పెంచిన మనిషి. వాడిని శ్రీకాకుళం శివార్లలో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించి, ఊళ్లో మాత్రం కోచింగ్‌కు పంపానని చెప్పాడు. ఊరు నమ్మినట్టు నటించింది. అంతమాత్రం మర్యాద మా ఊరికి ఉంది.

నేస్తం అంటే మా వైపు ఉత్త స్నేహితుడు కాదు. చిన్నప్పుడే ఇద్దరు పిల్లలకు పెద్దవాళ్లు నేస్తరికం కడతారు. అమ్మవారి ముందు కొత్తబట్టలు ఇచ్చి పుచ్చుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. పరాయివాళ్ల దగ్గర కూడా ఆ పేరు నోట రాకూడదు. నేస్తం తల్లి తనకూ తల్లే, వాళ్లింట్లో చావు తనకూ మైలే. మా వదిన పుట్టింటివాళ్లది కోటబొమ్మాళి. వీళ్లిద్దరూ నిక్కర్లు వేసుకునే వయసులో అక్కడే నేస్తరికం కట్టారు.

ఆ కుర్రాడి తండ్రి అక్కడే ట్రాక్టర్ తోలతాడు. సెంటర్లలో చేర్పించే స్తోమత లేదు. నిద్ర పట్టక, అన్నం సయించక, ఇంట్లో పడి దొర్లి తనంతట తానే మానాడు. మావాడు సెంటర్ నుంచి వచ్చాక ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. మనసు ఎవరికి లాగినా వెంటనే లేచి రెండోవాడి దగ్గరికి వెళ్లిపోవాలి. వెళ్లి ఏం చేసేవారంటే, ఏమీ లేదు. మా అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుని తినేవారు, క్రికెట్ గురించి గొంతులు పోయేలా పోట్లాడుకునేవారు. ఒకరోజు ఆ కుర్రాడు బస్సు దొరక్క కోటబొమ్మాళి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది, సైకిల్ గోడకు పడేసి అరుగెక్కాడు. మావాడు ఏమైందని అడగలేదు. కొంచెం జరిగి చోటిచ్చాడు. నేను బడిలో లెక్కల టీచర్ని. కొలతలంటే నాకు పగ లేదు. కానీ కొలవాల్సింది ఏదైనా ఉంటే అది ఆ అరుగు మీదే ఉంది.

సెంటర్‌వాళ్లు నెలనెలా వచ్చి కనిపించమన్నారు. అన్నయ్యకు సిగ్గు, వదినకు భయం, కాబట్టి నేనే తీసుకెళ్లేదాన్ని. అలా వెళ్లినప్పుడు మేడమ్ మావాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నీకు బాగా క్లోజ్ ఫ్రెండ్ ఎవరు నాన్నా? పేరు చెప్పు."

"నేస్తమండి."

"అదేలే. పేరు?"

"పేరు సెప్పకూడదండి."

"ఎందుకు? అతనేమైనా అంటాడా? భయపడకు, మేం ఎవరికీ చెప్పం."

"బయమేటండి? నేస్తం పేరు ఎవులైనా సెప్తారేటి?"

మేడమ్ నా వైపు జాలిగా చూసింది. "అతను కూడా తాగేవాడా?"

"తాగీవోడండి. ఇద్దరం కలిసే."

"ఇప్పుడూ కలుస్తున్నారా?"

"రోజూనండి."

ఒక్కో జవాబుకు ఆవిడ కనుబొమలు ఇంకాస్త పైకి వెళ్లాయి. నేను కల్పించుకుని నేస్తరికం గురించి చెప్పాను. ఆ కుర్రాడు మానేశాడనీ, ఒకరికొకరు కాపలాగా ఉన్నారనీ చెప్పాను. "వావ్, ఇంట్రెస్టింగ్ కల్చర్!" అంది. అంది కానీ ఎక్కించుకోలేదు. ట్యాబ్‌లో దానికి చోటు లేదట. పేరు చెప్పడానికి నిరాకరించాడు అన్నదానికి మాత్రం చోటుంది. అంటే చెడు స్నేహితుణ్ణి దాస్తున్నాడని లెక్కట. స్నేహితుడు ఎప్పుడైనా తాగాడా అన్నదానికీ చోటుంది, మానాడా అన్నదానికి లేదు. చివర్లో ఏదో నొక్కింది. తెర ఎర్రగా అయింది. ప్రమాదం చాలా ఎక్కువ అని అర్థమట. ఆ ఎరుపును తనే కనిపెట్టినంత గర్వంగా చూపించింది. అక్కడితో ఆగకుండా మా అన్నయ్యకు ఫోన్ చేసి, ఆ అబ్బాయిని దూరం పెట్టమని చెప్పింది.

నేస్తరికం తెంచుకునే పద్ధతి మా వైపు లేదు. కాబట్టి మా అన్నయ్య ఒకటి కనిపెట్టాడు. దసరాకు నేస్తం ఇంటివాళ్లు పెట్టిన బట్టలన్నీ మూటకట్టించి, తెలిసిన ఆటోవాడితో కోటబొమ్మాళి పంపేశాడు. మనిషి చచ్చిపోయినా ఎవరూ చేయని పని. మేడమ్‌కు మా ఆచారం తెలియదు సరే, పుట్టి పెరిగిన ఈ మహానుభావుడికి ఏమైంది?

"అన్నియ్యా, ఆ కుర్రోడూ మానీసినాడు కదా. ఇద్దరూ ఒకలికొకలు ఆసరాగా ఉన్నారు. ఎందుకు ఇడదీస్తావు?" అన్నాను.

"నువ్వూరుకోయే. ఆ మేడమ్ సదువుకున్నాది. ఎర్రగా వచ్చినాదని సెప్పింది. నీ కొడుకైతే తెలిసీది నీకు."

కొడుకు ఫోన్ లాక్కున్నాడు. ఊళ్లో మార్కులు బాగా వచ్చే కుర్రాళ్లను ఏరి, మంచి స్నేహితులని ఇంటికి పిలిపించాడు. వాళ్లు వచ్చి, మా వదిన చేసిన జంతికలు తిని, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుని వెళ్లిపోయేవారు. వాళ్లకు గంజాయి వాసన తెలియదు, నిజమే. పక్కన కూర్చున్నవాడి ముఖం ఎలా ఉందో కూడా తెలియదు. మేడమ్ కొలతలో వాళ్లందరూ బంగారాలు.

తర్వాత ఒకసారి ఆ కుర్రాడు సైకిల్ మీద వచ్చాడు. అదే తడిచొక్కా, అదే తొందర. అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇక రాకురా బాబూ," అన్నాడు. మావాడున్న లోపలి గదికి బయట గడియ పెట్టి ఉంది. ఆ కుర్రాడు సైకిల్ తిప్పుకుని లారీలు ఆగే హైవే వైపు వెళ్లాడు.

కొన్ని వారాలకు ఆ కుర్రాడి తల్లి మా బడికి వచ్చింది. ఇంటర్వెల్‌లో పిల్లల మధ్య నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "టీచరమ్మా, ఆడు మళ్లీ మొదలెట్టీసినాడమ్మా. మడిసి మడిసిలా లేడు. నేస్తాన్ని ఒక్కపాలి పంపండమ్మా, ఆడి మాటైతే ఇంటాడు."

వెళ్లి అన్నయ్యకు చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "సూసినావా! మేడమ్ సెప్పిందే నిజమైనాది. ఎంత పెమాదం తప్పిపోనాదో!" అన్నాడు. అంత అసహ్యం ఆ మనిషి మీద నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. తోడబుట్టినవాడని కూడా చూడబుద్ధి కాలేదు.

మళ్లీ సెంటర్‌కు వెళ్లేసరికి మేడమ్ ట్యాబ్ పచ్చగా వచ్చింది. మావాడు గంజాయి ముట్టలేదు, చెడు స్నేహితుణ్ణి కలవలేదు, మంచి స్నేహితులు దొరికారు. ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. పెద్ద సదస్సులో వాడి గురించి చెబుతానంది, పేరు బయటపెట్టకుండానేలే అని అభయమిచ్చింది. మావాడు అంతా విని తలెత్తాడు.

"మేడమ్, ఆడి వల్ల నేను సెడిపోతానేమోనని కొలిసినారు. నా వల్ల ఆడు బాగున్నాడేమోనని కొలిసినారేటి?"

మేడమ్ నా వైపు తిరిగి, "ఆ అబ్బాయి మా స్టడీలో లేడు కదండీ," అంది. చిరునవ్వు అలాగే ఉంది.

ఇంకాసేపు ఉంటే నా నోట పెద్ద మాటే వచ్చేది. వాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. మా ఊరికి వెళ్లే నరసన్నపేట బస్సు ఎదురుగా ఉన్నా ఎక్కలేదు, కోటబొమ్మాళి బస్సు ఎక్కాం. దారంతా వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తల్లి తలుపు తీసి, మమ్మల్ని చూసి, పక్కకు తప్పుకుంది. ఆ కుర్రాడు నులకమంచం మీద ఉన్నాడు. ఎముకలు లెక్కపెట్టేలా అయిపోయాడు. మావాడు వెళ్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆ కుర్రాడు తేరిపార చూసి, గుర్తుపట్టి, మోచేతి మీద లేవబోయాడు.

"నేస్తం, ఏటైనా తెచ్చినావా?"

మావాడు రెండు చేతులూ తెరిచి చూపించాడు. "నేనొచ్చినాను," అన్నాడు.

ఆ కుర్రాడు ఆ ఖాళీ చేతుల వైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.