మూడు తన్నులు, కుప్పం దాకా మూలుగు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, నడుము అనేది ప్యాంటు జారకుండా ఆపడానికే ఉందనుకునేవాణ్ణి. మదనపల్లెలో మా ఓనరు మొదటిసారి నన్ను నమ్మి, టమోటా లోడు కోయంబత్తూరుకు తోలమని లారీ నా చేతికిచ్చాడు. ఆ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఉమ్మడానికి వంగి, ఒక్క తుమ్ము తుమ్మాను. అంతే, నడుము పట్టేసింది. (టైరు మారుస్తుంటే పట్టేసిందని చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. నిజం ఇదీ.) సంగతి ఓనరుకు తెలిస్తే స్టీరింగు చేజారిపోతుంది. అందుకని పళ్ళ బిగువున ఆయన ముందు నిటారుగా నడిచాను. (ఎలాగూ వంగలేను కదా.) "ఏమప్పా, మిలట్రీవాడి మాదిరి నడస్తాండావే!" అని మెచ్చుకున్నాడు కూడా.

పక్క సీట్లో మా మేనమామ. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి. చూపు, లైసెన్సు అన్నీ సరిగానే ఉన్నా, తల నెరిసిందని ఓనరు ఆయన్ను పక్క సీటుకు మార్చి ఆరు నెలలైంది. దాని గురించి మామ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నేను గేరు మార్చినప్పుడల్లా మాత్రం, ఆయన ఎడమ కాలు లేని క్లచ్చును తొక్కేది.

పుంగనూరు చేరేసరికి, గుంత వచ్చినప్పుడల్లా నా నోట్లోంచి ఊళ్ళో దేవుళ్ళందరి పేర్లూ రావడం విని మామ బండి ఆపించాడు. "ఈడ ఇడ్లీలంగడి అక్క ఎదురుకాళ్ళతో పుట్టిండాది. ఆయమ్మ తంతే ఎట్లాంటి పట్టైనా వదిలిపోతాది, దిగు" అన్నాడు. మా వైపు ఇది అందరికీ తెలిసిన వైద్యమే. పుట్టేటప్పుడు కాళ్ళు ముందుగా బయటికొచ్చినవాళ్ళు ఎడమ కాలితో మూడుసార్లు నడుము మీద తన్నాలి. మూడూ పూర్తయ్యేదాకా తన్నేవాళ్ళుగానీ తన్నించుకునేవాళ్ళుగానీ పెదవి విప్పకూడదు.

అక్క గరిటె పక్కన పెట్టి, కొంగు దోపుకుని వచ్చింది. నేను లారీ బంపరు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఒక తన్ను పడింది. రెండోదీ పడింది. సరిగ్గా అప్పుడే, మేము మరిచిపోయిన లోడు కాగితాలు పట్టుకుని ఓనరు మోటారు సైకిలు మీద వచ్చి దిగాడు. నడిబజారులో ఒక ఆడమనిషి తన డ్రైవరును తంతోంది, డ్రైవరు కిక్కురుమనకుండా తన్నించుకుంటున్నాడు. చూసినవాడికి ఏమనిపిస్తుంది? "ఏం జేసినావురా ఆయమ్మని?" అని అరిచాడు. నేను పలకలేదు. "నువ్వన్నా జెప్పమ్మా, ఏమన్నాడు వీడు?" అక్కా పలకలేదు. మామ చూపు ఆకాశం మీదికి పోయింది. మూడో తన్ను మాత్రం మిగతా రెండింటికంటే గట్టిగా పడింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పోకిరినని ఒప్పుకుంటే పరువు పోతుంది, నడుము పట్టిందంటే స్టీరింగు పోతుంది. నేను తేల్చుకునేలోపే అక్క నోరు విప్పింది. "ఏమీ జేయలేదప్పా, బంగారట్లా పిల్లోడు. నడుం పట్టిండాదంటే తన్నినా, అంతే." నా పరువు నిలబెట్టి, ఇడ్లీలు మాడతాయని లోపలికి వెళ్ళిపోయింది.

ఓనరు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ముందే యాల జెప్పలేదురా? కుప్పం దాకా మీ మామ తోలనీ. ఆడ నేను ఫోన్ జేస్తా. అప్పటికీ బాగాలేకపోతే బండి ఇంక మీ మామదే. నువ్వు బస్సెక్కి వచ్చెయ్" అన్నాడు.

మామ స్టీరింగును తువ్వాలుతో తుడిచి మరీ కూర్చున్నాడు. తన్నుల వల్లో, సిగ్గు వల్లో, పలమనేరు దాటేసరికి నా నొప్పి మాయమైంది. "ఆపు మామా, నేను తోలతా" అనబోయాను. ఎదురుగా వస్తున్న లారీలో ఎవరో పాత డ్రైవరు మామను గుర్తుపట్టి హారన్ కొట్టి చేయెత్తాడు. మామ ముఖం వెలిగిపోయింది. ఆరు నెలల్లో ఆ ముఖం నేను చూడలేదు. తెరిచిన నోరు ఊరికే మూయడం ఇష్టంలేక "అబ్బా" అని మూలిగాను. ఆ తర్వాత ప్రతి గుంతకూ ఒక మూలుగు. వీ.కోటలో కొనుక్కున్న మిరపకాయ బజ్జీ కింద పడితే మాత్రం ఒళ్ళు మరిచి చటుక్కున వంగి తీసుకున్నాను. వెంటనే గుర్తొచ్చి "అమ్మా" అన్నాను. మామ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

కుప్పంలో బండి ఆపగానే మామ ఫోను మోగింది. ఆయన ఫోను వైపు చూశాడు, స్టీరింగు వైపు చూశాడు. ఒక్క మాట చాలు, బండి ఆయనది. "యాడ నొప్పి సార్! వీ.కోట కాడే బాగైపోయింది వానికి. వాడే తోలతాడు" అన్నాడు మామ. ఫోను జేబులో వేసుకుని, దిగి, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చుని, "కానీరా, టమోటాలు మెత్తబడతాయి" అన్నాడు.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది. కోయంబత్తూరు దాకా నువ్వే తోలు మామా అని ఆరోజు ఒక్క మాట అని ఉండాల్సింది. తోచలేదు. కుప్పం దాకా మూలగడమే పెద్ద త్యాగమనుకుని, ఈల వేసుకుంటూ తోలుకుపోయాను, పిచ్చి సన్నాసిని.