పీచు పట్టుకున్న ఉడుత

మా ఆయన వేట కబుర్లు మొదలుపెడితే బహ్రెయిన్‌లో ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా రెండు గదుల ఫ్లాటు అడవి అయిపోతుంది. పగలంతా కంపెనీ బస్సు నడిపి వచ్చిన మనిషి, అన్నం తింటూనే ఉత్త చేతులతో గులేరు రబ్బరు లాగి రాయి ఎక్కుపెడతాడు. ఎదురుగా మా ఎనిమిదేళ్ల అమ్మాయి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. చెట్టు కింద ఊపిరి బిగబట్టి నిలబడాలి, నీడ కదలకూడదు, నోరు మెదపకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది. నోట్లో పీచు పట్టుకుని పోయే ఉడుతను కొట్టకూడదు, అది పిల్లల కోసం గూడు కట్టుకుంటోందన్నమాట. ఇవన్నీ చిన్నప్పుడు వాళ్ల మేనమామ నేర్పాడట.

"నన్ను గూడ ఉడుతల వేటకు తీస్కపో డాడీ" అని మా అమ్మాయి పట్టుబట్టింది. బహ్రెయిన్‌లో ఉడుతలెక్కడివి? ఎండ్రికాయలు, అదే పీతలు, పట్టుదాం అన్నాడు మా ఆయన. అంతే, పీత కరిచే పెద్దకాలు తెచ్చి చూపిస్తానని క్లాసంతా చాటి వచ్చింది. తేకపోతే తన పరువే కాదు, తండ్రి వేటగాడన్న పేరూ పోతుంది. నేనూ తక్కువదాన్నేం కాదు, గురువారమే మసాలా నూరి పెట్టాను.

శుక్రవారం పొద్దున జల్లాఖ్ సముద్రపు ఒడ్డున నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. మోకాళ్ల లోతులో, ఇసుకలోంచి పీత కళ్లు కనిపించగానే మా ఆయన పొలం గట్టు బొరియలో పెట్టినట్టు మెల్లగా చెయ్యి పెట్టి వీపు మీద నొక్కాడు. మా ఊరి ఎండ్రికాయ అయితే దొరికిపోయేదే. సముద్రం పీతకు కాళ్లు పొడుగు. వెనక్కి తిప్పి వేలు కరిచి పట్టి, వదిలి పారిపోయింది. నోరు మెదపకూడదన్న నియమం తనదే కదా, ముఖం ఎర్రబడింది గాని మనిషి కిక్కురుమనలేదు. నాకు నవ్వు ఆగలేదు.

మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా చిల్లుల గిన్నె పట్టుకుని, తండ్రి చెప్పినట్టే నీడ వెనక్కి పడేలా నిలబడింది. ఆ అల్లరి పిల్ల అంతసేపు కదలకుండా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్క ఊపున గిన్నె ఇసుకలోకి దించి ఎత్తింది. అందులో తన అరచేతికన్నా పెద్ద పీత.

బకెట్లో వెయ్యబోతుంటే పీత వెల్లకిలా తిరిగింది. పొట్ట కింద నారింజ రంగులో గుడ్ల ముద్ద. మా ఆయన గిన్నెలోకి ఒకసారి, మా అమ్మాయి ముఖంలోకి ఒకసారి చూశాడు. వదిలెయ్యమని ఎలా అంటాడు, అక్కడ క్లాసంతా ఎదురుచూస్తోంది. నాకూ ముందు మసాలాయే గుర్తొచ్చింది, అబద్ధమెందుకు.

"ఇది పీచు వట్టుకున్న ఉడుత గదా డాడీ" అంది మా అమ్మాయి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గిన్నెను సముద్రంలోకి వంచేసింది. నా బిడ్డను చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత నీళ్లు పెరిగాయి, మరొకటి దొరకలేదు. ఖాళీ బకెట్‌తోనే కారెక్కాం.

"డాడీ, నువ్వు ఊర్ల ఎన్ని ఉడుతలను కొట్టినవ్?"

మా ఆయన స్టీరింగ్ మీద వాచిన వేలు చూసుకున్నాడు. "ఒక్కటి గూడ లే బిడ్డా. నాకు కనవడ్డ ప్రతి ఉడుత నోట్ల పీచే ఉండె."

పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ మాట నేను వినడం అదే మొదలు.

ఆదివారం బడి నుంచి రాగానే, క్లాసులో ఏం చెప్పావని అడిగాను.

"మా డాడీ లెక్కనే వేటాడిన అని చెప్పిన" అంది.